సిద్దెలలో నూనె

ధ్యాన భాగములు: మత్తయి 25:1-13, 1 థెస్సలొనీకయులకు 4:13 – 5:11



క్రిస్మసు పండుగకు ముందు వచ్చు నాలుగు ఆదివారములను మన సంఘములో ఆగమన కాలమని పిలుచుచున్నాము. పశువుల తొట్టిలో పరుండిన శిశువు యొక్క మొదటి రాకడను జ్ఞాపకము చేసికొనుటకు మాత్రమే గాక, మహిమతో రానున్న ప్రభువు కొరకు కనిపెట్టుటకును మన పెద్దలు ఈ దినములను ఏర్పరచిరి. కాని ఉన్నమాట చెప్పవలెనంటే, మనలో అనేకులకు ఈ కాలము గోడలకు సున్నము కొట్టుట, పిల్లల బట్టలకు డబ్బు కూర్చుకొనుట, నాటకములో వేషములు పంచుకొనుట, వీటితోనే గడచిపోవును. రెండవ రాకడ సంగతి ఎవరైన బయటినుండి వచ్చి భయపెట్టినప్పుడే మనకు జ్ఞప్తికి వచ్చును. మరచిపోవుటయు మంచిది కాదు, భయపడుటయు మంచిది కాదు.

ఈ మధ్య గృహప్రార్థనలకు వెళ్లినచోటనెల్ల మాకు ఒకే ప్రశ్న ఎదురగుచున్నది. పూర్వము యుద్ధములను గూర్చియు భూకంపములను గూర్చియు సంతకు పోయి వచ్చినవారు చెప్పగా తెలిసెడిది. నేడు అవన్నియు చేతిలోని సెల్‌ఫోనుకే వచ్చుచున్నవి. వాటితోపాటు, ఫలాని సంవత్సరముతో లోకము ముగియునని, దానియేలు గ్రంథములోని లెక్క సరిపోయినదని ఎవరో పంపిన మాటలును వచ్చుచున్నవి. వాటిని మాకు చూపి, "అయ్యగారూ, ఇది నిజమేనా? మరి మేమేమి చేయవలెను?" అని అడుగుచున్నారు.

ప్రభువు వచ్చుట నిశ్చయము. ఆయన ఒలీవల కొండనుండి ఆరోహణుడైనప్పుడు, వెళ్లిన రీతిగానే తిరిగి వచ్చునని శిష్యులకు చెప్పబడెను (అపొ. కార్యములు 1:11). సజీవులకును మృతులకును తీర్పు తీర్చుటకు ఆయన వచ్చునని విశ్వాస ప్రమాణములో మనము నోరార ఒప్పుకొనుచున్నాము. అయితే ఆ దినము, ఆ గడియ తండ్రికే గాని తనకు సహితము తెలియదని కుమారుడే సెలవిచ్చెను (మార్కు 13:32). కుమారుడు తెలియదన్న సంగతి ఫోనులో పంపినవానికి ఎవరు తెలిపిరో మేము ఎరుగము.

లెక్కలు వేయుట క్రొత్త సంగతి కాదు. అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో విలియం మిల్లరు అను ఒక రైతు ఉండెను. భక్తిపరుడు, వాక్యమును శ్రద్ధతో చదివినవాడు, మోసగాడు కాడు. అతడు దానియేలు 8వ అధ్యాయములోని 2300 దినములను సంవత్సరములుగా ఎంచి, 1843 ప్రాంతమున ప్రభువు వచ్చునని ప్రకటించెను. వేలాదిమంది నమ్మిరి. ఆ గడువు దాటిపోగా, పెండ్లికుమారుడు ఆలస్యము చేసెనని పది కన్యకల ఉపమానము చూపి తమ్మును తాము ఓదార్చుకొనిరి. ఆ ఉద్యమములోని వారు 1844 అక్టోబరు 22వ తేదీని క్రొత్తగా నిర్ణయించిరి. కొందరు రైతులు పంటను కోయక పొలములోనే విడిచిపెట్టిరి. ఆ రాత్రి అంతయు కనిపెట్టిరి, తెల్లవారెను. ఎందరో ఏడ్చిరి, కొందరు వాక్యమునే విడిచిపోయిరి. తప్పు వాక్యములో లేదు, మూయబడిన తలుపును గోళ్లతో గీకి తెరవబోయిన వారి ఆతురములో ఉన్నది.

మన దేశమునను ఇట్టిది జరిగినది. 1962 ఫిబ్రవరి మొదటి వారమున అష్టగ్రహకూటమి వచ్చినప్పుడు ప్రళయము తప్పదని దేశమంతట జనులు భయపడిరి, హోమములు చేయించిరి. ఆ భయము ఒక్క మతమువారికే చెందినదనుకొనకుడి. ఆకాశమును చూచి హడలుట మనుష్యులందరి స్వభావము.

ఇక మన చెంతకు వచ్చెదము. మా పాస్టరేటులోని ఒక గ్రామమున ఒక విశ్వాసి ఇట్టి వర్తమానమునే నమ్మెను. నారుమడి దున్నలేదు. పదవ తరగతి చదువుచున్న కుమారుని బడి మాన్పించెను. ప్రభువు వచ్చుచుండగా వీనికి పరీక్షలెందుకనెను. అంతటితో ఆగక, తీర్చవలసిన దినము ఎట్లును రాదను ధైర్యముతో షావుకారు వద్ద క్రొత్త నోటు వ్రాసెను! వినుటకు నవ్వు వచ్చును గాని ఆ ఇంటి ఇల్లాలికి నవ్వు రాలేదు. ఆ యేడు వారు తిండిగింజలు కొనుక్కొని తినిరి. అతడు దుర్మార్గుడు కాడు, ప్రార్థన మానినవాడును కాడు. ప్రభువు వచ్చునని నమ్మినవాడు తన పనిని ఎందుకు మానవలెనో మాత్రము ఎవరును అతనిని అడుగలేదు.

మొట్టమొదట ఈ ప్రశ్న అడిగినవాడు అపొస్తలుడైన పౌలు. థెస్సలొనీక పట్టణమున ఆయన ఎక్కువ కాలము నిలువలేకపోయెను. సమాజమందిరములో మూడు విశ్రాంతిదినములు తర్కించిన తరువాత అల్లరి పుట్టెను, రాత్రివేళ సహోదరులు ఆయనను బెరయకు పంపివేసిరి (అపొ. కార్యములు 17). క్రొత్తగా పుట్టిన ఆ సంఘము ప్రభువు రాకడను గూర్చి మిక్కిలి ఆశతో ఉండెను. అయితే కొన్నాళ్లకు, ఆ దినము వచ్చియే యున్నదని పౌలు పేరు చెప్పి కొందరు కలవరపరచిరి. ఆయన వ్రాసినట్టుగా పత్రికయు తిరిగి యుండవచ్చునని రెండవ పత్రిక 2వ అధ్యాయము చూడగా తెలియుచున్నది. చూచితిరా, నాడును ఊరు పేరు లేని వర్తమానములు తిరిగినవి! పని మాని ఇంటింట తిరుగుచు, పరుల జోలికి పోవువారు బయలుదేరిరి. వారికి పౌలు చెప్పిన మందు లెక్కల పుస్తకము కాదు. నెమ్మదిగా పని చేసికొని తమ ఆహారమును తాము తినుడనియు, పని చేయనొల్లనివాడు భోజనమును ఆశింపరాదనియు ఆజ్ఞాపించెను. ఆ మాట చెప్పుటకు ఆయనకు హక్కు ఉండెను. గుడారములు కుట్టు చేతులతోనే ఆయన సువార్త చెప్పెను. పని దొరకని కూలివానిని గూర్చియు మంచమునపడిన వృద్ధుని గూర్చియు ఆయన ఆ మాట అనలేదని గమనింపుడి. మనలో కలిగినవారు కొందరు ఆ వచనమును పేదవాని మీదికి విసరుట మేము వినియున్నాము.

అదే సంఘములో మరియొక దుఃఖమును ఉండెను. ప్రభువు రాకమునుపే చనిపోయిన మనవారి గతి యేమి, వారు ఆ మహిమను చూడక పోవుదురా అని వారు కలతపడిరి. ఇది ఆనాటి ప్రశ్న మాత్రమే కాదు. మన విధవరాండ్రలో ఒకామె, భర్త పోయిన కొన్ని నెలలకు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, బ్రతికి మెలకువగా ఉన్నవాళ్లనే దేవుడు ఎత్తుకుంటాడంటున్నారు. మరి ఆయన మట్టిలో ఉన్నాడు గదా" అని అడిగెను. ఆమెకు అక్షరములు రావు. మొదటి పత్రిక 4వ అధ్యాయము చివరి భాగమును మేము చదివి వినిపించితిమి. క్రీస్తునందు మృతులైనవారే మొదట లేతురు. బ్రదికియున్నవారు వారికంటె ముందుగా పోరు, వారితోకూడ కలిసి పోవుదురు. "మొదట ఆయనేనా?" అని ఆమె అడిగెను. అవునమ్మా అంటిమి. మరల ఒకసారి చదవమనెను. చదివితిమి.

ఆ భాగములో ఒక మాట ఉన్నది, దానిని గూర్చి సెమినరీలో మా గురువులు చాలసేపు చెప్పెడివారు. ప్రభువును ఎదుర్కొనుటకు అని మనము చదువుచోట గ్రీకు భాషలో అపాంతేసిస్ అను మాట కలదు. రాజుగాని గొప్పవాడుగాని పట్టణమునకు వచ్చునప్పుడు పౌరులు ఊరి వెలుపలికి పోయి, ఆయనను మర్యాదతో వెంటబెట్టుకొని వచ్చుటకు ఆ మాట వాడెడివారు. పౌలు రోమాకు సమీపించినప్పుడు అక్కడి సహోదరులు ఎదురు వచ్చినచోటను ఆ మాటయే (అపొ. కార్యములు 28:15), అర్ధరాత్రి కన్యకలు పెండ్లికుమారునికి ఎదురు వెళ్లినచోటను ఆ మాటయే. తెలుగువారికి దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. మన పెండ్లిండ్లలో ఎదురుకోలు ఎట్లుండునో చిన్నపిల్లలకును తెలియును. మగపెండ్లివారు ఊరి పొలిమేరకు వచ్చిరని కబురు అందగానే మేళముతో, దీపములతో ఎదురుపోయి తీసికొని వచ్చెదము. ఎదురుకోలుకు భయముతో వణకుచు పోవు పెండ్లివారిని మీరెక్కడనైన చూచితిరా? ప్రభువు రాకడను పోలీసులు ఇంటిమీద పడినట్టు చెప్పు బోధకులు ఈ మాటను కొంచెము ఆలోచించుట మంచిది. ఆయన దొంగవలె వచ్చునని వ్రాయబడినది నిజమే, అయితే అది నిద్రపోవు లోకమునకు. ఆయన బిడ్డలు పగటి సంబంధులని పౌలు అదే పత్రిక 5వ అధ్యాయములో చెప్పెను.

ఇప్పుడు కన్యకల యొద్దకు వచ్చెదము. పదిమందియు పెండ్లికి పిలువబడినవారే. పదిమంది చేతులలోను దివిటీలు ఉన్నవి. మరియొక సంగతి చూడుడి: పెండ్లికుమారుడు ఆలస్యము చేయగా అందరును కునికి నిద్రించిరి, బుద్ధిగలవారు సహితము. ప్రభువు వారిని నిద్ర నిమిత్తము గద్దింపలేదు. పగలెల్ల నాట్లు వేసి వచ్చి, సాయంకాల ప్రార్థనలో కునికిపాట్లు పడు తల్లులకు ఇది ఆదరణ. మంచివారికిని బుద్ధిలేనివారికిని భేదమంతయు సిద్దెలో ఉన్నది. సిద్దె చెంగుచాటున ఉండును, ఎవరికిని కనబడదు. దివిటీ వెలుగుచున్నంతసేపు అందరును ఒక్కటే. ఆలస్యమైనప్పుడే సిద్దె సంగతి బయటపడును.

ఆ నూనె యేమి? కొందరు పరిశుద్ధాత్మ అందురు, కొందరు విశ్వాసమందురు, మరికొందరు సత్క్రియలందురు. ఉపమానములోని ప్రతి వస్తువుకు ఒక అర్థము వెదకుట మాకు అంత సమ్మతము కాదు. అయితే ప్రభువు ఈ ఉపమానమును ఎక్కడ చెప్పెనో చూడుడి. దీనికి ముందు, యజమానుడు లేనప్పుడు తోటివారికి వేళకు అన్నము పెట్టిన దాసుడును, యజమానుడు తడవు చేయుచున్నాడని తోటి దాసులను కొట్టి త్రాగుబోతులతో కూర్చున్న దాసుడును ఉన్నారు. దీని తరువాత తలాంతులు. ఆ తరువాత ఆకలిగొన్నవారు, దిగంబరులు, చెరసాలలోనివారు. కాబట్టి కృపచేత రక్షింపబడినవాడు, ఎవరును చూడని దినములలో, ప్రభువు రాలేదే అని తోచు దినములలో నమ్మకముగా బ్రదికిన బ్రదుకే ఆ నూనె అని మేము గ్రహించుచున్నాము. భార్యను కొట్టుచు రాకడ పాటలు పాడువాని దివిటీ కొంతసేపు వెలుగును. కూలివారి డబ్బులో కోత కోసి, పండుగకు పెద్ద కానుక వేసినవాని దివిటీ ఇంకను బాగుగ వెలుగును. వంట కుండలోనుండి పిడికెడు బియ్యము దేవునికని తీసి ప్రక్కన పెట్టు ముసలమ్మకు దివిటీ లేదేమో యనిపించును గాని, ఆమె సిద్దె నిండుగానున్నది.

ఆ నూనెను అప్పు అడుగుటకు వీలులేదు. పల్లెలో మనము ఉప్పు చేబదులు తెచ్చుకొందుము, మిరపకాయలు తెచ్చుకొందుము, పొయ్యిలోకి నిప్పు తెచ్చుకొందుము. తండ్రి భక్తిని కొడుకు చేబదులు తెచ్చుకొనలేడు, అయ్యగారి ప్రార్థన సంఘమునకు సిద్దె కాదు. బుద్ధిగలవారు పిసినారులై ఇయ్యలేదని అనుకొనకుడి. అది ఇచ్చుటకు వీలుపడునది కాదు. పైగా అంగడికి పోవుటకు ఎల్లప్పుడు వ్యవధి ఉండదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఒక్క దినమున వేలాదిమంది పోయిరి. వారు మనకంటె పాపులని ప్రభువు ఎన్నడును చెప్పనియ్యడు. సిలోయము గోపురము పడి చచ్చిన 18 మందిని గూర్చి ఆయన చెప్పినది లూకా 13లో చదువుడి. కాని లోకాంతము ఎప్పుడు వచ్చినను, మన అంతము మాత్రము తేదీ చెప్పక వచ్చునని కృష్ణాతీరమువారికి ఎవరును బోధింపనక్కరలేదు.

అమెరికాలోనే మరియొక సంగతి జరిగెను, దీనిని మిల్లరు కథ ప్రక్కన పెట్టి చూడవలెను. 1780 మే 19న ఆ దేశపు ఈశాన్య భాగమున పట్టపగలే చీకటి కమ్మెను. పక్షులు గూళ్లకు చేరెను. దూరపు అడవులు తగులబడిన పొగ, మబ్బు, మంచు కలిసినందున అట్లు జరిగెనని తరువాతివారు చెప్పిరి గాని ఆనాడు ఎవరికిని తెలియదు. తీర్పుదినమే వచ్చెనని జనులు తలంచిరి. కనెక్టికట్ శాసనసభవారు హార్ట్‌ఫర్డులో కూడియుండిరి. సభ చాలించి ఇండ్లకు పోదమని అనేకులు అనగా, అబ్రహాము డావెన్‌పోర్టు అను పెద్ద లేచి, ఈ దినము తీర్పుదినము కానియెడల పని మాన నక్కరలేదు, అయినయెడల నా పనిలోనే నేను కనబడుదును గాక, కనుక దీపములు తెప్పించుడని భావము వచ్చునట్లు పలికెను.

ఆ నారుమడి దున్నని సహోదరుడు ఇప్పుడు దున్నుచున్నాడు. కుమారుడు ఒక సంవత్సరము వెనుకబడినను తిరిగి బడికి పోవుచున్నాడు. నోటు మాత్రము ఇంకను తీరలేదు.

ఆగమన కాలపు మొదటి ఆదివారమున ప్రభురాత్రి భోజన సంస్కారము జరుగును. ఆయన వచ్చువరకు ఆయన మరణమును ప్రచురించుటకే మనము ఆ బల్ల యొద్దకు వచ్చుచున్నామని పౌలు కొరింథీయులకు వ్రాసెను. కాబట్టి ముందటి శనివారము సాయంకాలము, దీపములు పెట్టు వేళకు, మందిరములో మేమును సంఘపెద్దలును కూర్చుండెదము. పొలము గట్టు తగాదాలున్న అన్నదమ్ములు, ఇయ్యవలసిన కూలి ఇయ్యనివారు, మాటలు మానుకొనిన అత్తాకోడండ్రు ఆ సాయంకాలము తప్పక రావలెను. ఎంత రాత్రియైనను కూర్చుండెదము. ఎవరి లాంతరు వారు తెచ్చుకొనుడి. మందిరములో కరెంటు ఉండునో ఉండదో.