చెయ్యి ఎన్నిసార్లు లేస్తుంది?

సదరం క్యాంపుకు పోయే ముందు మా పెద్దమ్మకు ఒక మాట చెప్పాను: "డాక్టరు చెయ్యి లేపమంటే మొత్తం లేపకు." ఆమె నా మొహం చూసి, "లేస్తది గద బిడ్డా, లేవదని ఎట్ల చెప్పాలె?" అంది. అక్కడ అడగ్గానే పైదాకా లేపింది. సర్టిఫికెట్లో 40 శాతానికి తక్కువ పడింది. ఇక 4,016 రూపాయల వికలాంగుల పింఛను రాదు. ఆమెకు 47 ఏళ్ళు. చేనేత పింఛనుకు 50 నిండాలి.

పోచంపల్లి చీరలకు ఆసు పోసిన చెయ్యి అది. ఒక్క చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు ఆడాలి. క్యాంపులో కీలు ఎంత దూరం తిరుగుతుందో చూశారు, ఎంతసేపు తిరుగుతుందో ఎవరూ అడగలేదు.

ఈ కొలత మనకే కష్టమైంది కాదు. నెదర్లాండ్స్‌లో అశక్తత భృతి తీసుకునేవాళ్ళ సంఖ్య తొమ్మిది లక్షలకు చేరువైనప్పుడు, 1990లో ప్రధాని లబ్బర్స్ దేశమే జబ్బుపడిందన్నాడు. తర్వాత సంస్కరణలు వరసగా వచ్చాయి. 2004 నుంచి జబ్బుపడిన పనివాడికి రెండేళ్ళపాటు యజమానే జీతంలో కనీసం 70 శాతం ఇవ్వాలి. 2006 చట్టం శరీరంలో ఎంత పోయిందని కాక, సంపాదనలో ఎంత పోయిందని అడుగుతుంది. 35 శాతం లోపైతే ఆ భృతి లేదు. ఇది కూడా కఠినమే. అయినా ప్రశ్న మాత్రం సరైనదని నాకనిపించింది.

కానీ ఆ ప్రశ్న మా ఇంట్లో వేసి చూశాను. ఆసుకు విడిగా కూలి లేదు. చీర మజూరిలోనే కలిసిపోతుంది, ఆ మజూరి పెదనాన్న చేతికొస్తుంది. లెక్క ప్రకారం పెద్దమ్మ సంపాదనే సున్నా, ఇంక పోయేదేముంది? రెండేళ్ళు జీతమిచ్చే యజమాని ఎవరు? నూలిచ్చే మాస్టర్ వీవరు చీరకే డబ్బిస్తాడు, భుజానికి కాదు.

ఆలేరు దగ్గరి శారాజిపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మిని శాతాల్లో కొలవలేదు. ఆమె భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. పని మారింది, మనిషిని అశక్తురాలని రాయించాల్సిన అవసరం రాలేదు. మా ఇంటికి అది చేరేసరికి పెద్దమ్మ భుజం అరిగిపోయింది.

నేను నేర్పబోయిన అబద్ధం తప్పా? ఒక్కసారి లేచినంత మాత్రాన ఆ చెయ్యి పనిచేస్తుందని రాయడం నిజమా? మళ్ళీ క్యాంపు పడితే వస్తావా అని మొన్న అడిగాను.

"ఏం చెప్పిపిస్తవో ముందుగాల చెప్పు, అప్పుడు చూస్త" అంది.