రాత్రి రైలు ఫోటోలో నిజమెంత?
రైలు, మనుషులు, వెలుగుతున్న సినిమా తెర, చుట్టూ చీకటి: ఇన్నిటినీ కెమెరా ఒకేసారి సరిగా పట్టలేదు. తెరకు తగ్గ ఎక్స్‌పోజర్ ఇస్తే మనుషులు చీకట్లో కలిసిపోతారు. మనుషుల కోసం ఫ్లాష్ వేస్తే తెర వెలవెలబోతుంది. ఏదో ఒకటి వదులుకోవాలి, లేదా విడిగా తీసి కలపాలి. అలా కలిపిన ఫోటో సత్యమేనా?

ఫోటోగ్రాఫర్ ఓ. విన్‌స్టన్ లింక్ 1956లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో తీసిన 'హాట్‌షాట్ ఈస్ట్‌బౌండ్' అనే ఫోటో ఈ ప్రశ్నకు గట్టి ఉదాహరణ. డ్రైవ్-ఇన్ థియేటర్లో బారులు తీరిన కార్లు, ముందు కారులో ఒక జంట, తెర మీద జెట్ విమానం, పక్కన పొగ చిమ్ముతూ నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే వారి ఆవిరి బండి. ఆవిరి ఇంజిన్ల చివరి రోజులను లింక్ 1955 నుంచి ఎక్కువగా రాత్రిపూటే తీశాడు. ఎండ మన మాట వినదు; రాత్రయితే వెలుగు ఎక్కడ పడాలో తానే నిర్ణయించవచ్చు. ఒక్కసారి వెలిగి మాడిపోయే ఫ్లాష్ బల్బులను తీగలతో కలిపి, షట్టర్ తెరుచుకున్న క్షణంలోనే అన్నీ వెలిగేలా అమర్చేవాడు. ఈ ఫోటోలో ఆ వెలుగుకు తెర వెలవెలబోయింది. తెర మీది బొమ్మను విడిగా తీసి డార్క్‌రూమ్‌లో కలిపాడు.

ఇలా కలిపిన ఫోటోను కళ్లారా చూసినట్టు, అంటే ప్రత్యక్షంగా, నమ్మవచ్చా? ఇంద్రియానికీ వస్తువుకూ సంబంధం వల్ల పుట్టే, పొరపాటు లేని జ్ఞానమే ప్రత్యక్షమని న్యాయ దర్శనం చెబుతుంది. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ఇంకా కఠినం: కల్పన ఏమాత్రం చేరకూడదు. ఆ లెక్కన ఈ ఫోటో ప్రత్యక్షం కాదు. అయితే మామూలు చూపు మాత్రం ఆ గీటురాయికి నిలుస్తుందా? కన్ను తెర మీద ఉన్నప్పుడు ఒకలా, చీకటివైపు తిరిగాక మరోలా సర్దుకుంటుంది. మనసు ఆ ముక్కలను కలిపి ఒకే దృశ్యమంటుంది. కాబట్టి తెరను కలపడం అంత పెద్ద దోషం కాదు.

అసలు చిక్కు ముందు కారులో ఉంది. ఆ కారు లింక్‌దే. ఆ జంట అతను కూర్చోమంటే కూర్చుంది. పక్కనే పోతున్న ఆవిరి యుగాన్ని పట్టించుకోని ప్రేమికులు అన్న భావం లింక్ చెప్పదలచుకున్న మాట. ఇలాంటి ఫోటోను ప్రత్యక్షంగా కాక, ఆప్తవాక్యంగా తూచాలి. న్యాయ దర్శనం ప్రకారం ఆప్తుడంటే విషయం తెలిసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. ఆ రైలు మార్గాన్ని లింక్ ఏళ్ల తరబడి ఎరుగును. తాను వెలుగు అమర్చి తీసిన సంగతి దాచలేదు. కానీ ఇలా మనుషులను కూర్చోబెట్టి, బొమ్మలు కలిపే పని రైలు ప్రమాదం వార్తా చిత్రంలో చేస్తే చెల్లదు. అక్కడ పాఠకుడు నమ్మేది ఆ ఒక్క క్షణాన్నే.