సంకల్పంలో ఖాళీలు

సి ప్రోగ్రాములో కోడ్ మూసను స్ట్రింగుగా దాచి, ప్రోగ్రాము నడిచేటప్పుడు ఖాళీల్లో విలువలు నింపి, వచ్చిన కోడును కంపైల్ చేయించి వాడుకోవచ్చు. మూస ముందే ఉంది, నిండిన పాఠం అప్పుడే పుట్టింది. రెండింటికీ ఒకే ప్రామాణ్యం ఉంటుందా? వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులకు ఇది పాత ప్రశ్నే.

విశాఖ ఆటోనగర్‌లో దసరాకు లేతు మెషీన్ల ముందు పురోహితుడు చెప్పే సంకల్పమూ ఇలాంటి మూసే. సంవత్సరం, మాసం, తిథి, గోత్రం, యజమాని పేరు అప్పటికప్పుడు చేరతాయి. చోటూ మారాలి. కృష్ణా గోదావరుల మధ్య అనే మాట గోదావరికి ఉత్తరాన ఉన్న విశాఖకు చెల్లదు. శ్రీశైలానికి ఈశాన్యం అనాలి. అలవాటుగా చదివేస్తే ఆ సంకల్పం వేరే ఊరిదవుతుంది.

జైమిని మీమాంసా సూత్రాల తొమ్మిదో అధ్యాయంలో ఇటువంటి మార్పు పేరు ఊహ. అగ్నికి చెప్పిన మంత్రాన్ని సూర్యుడి యాగానికి తెస్తే ‘అగ్నయే’ స్థానంలో ‘సూర్యాయ’ రావాలి. మార్పు తప్పనిసరే అయినా, రెండో అధ్యాయం తీర్పు కఠినం: ఊహతో చేరిన పదం, ప్రవర (వంశ ఋషుల పేర్లు), యజమాని పేరు మంత్రం కావు. వేదంలో పఠించినదే మంత్రం.

ఈ విభజన న్యాయమైనది. మూసకున్న ప్రామాణ్యం ఖాళీలో పడిన మాటకు దానంతటదే రాదు. సి ప్రోగ్రాములోనూ బయటినుంచి వచ్చిన విలువను పరీక్షించకుండా మూసలో నింపి కంపైలరుకు ఇవ్వకూడదు.