రిజిస్టరులో పేరు



కొన్నేళ్ళ క్రితం ఒక సోమవారం సాయంత్రం మా విచారణకు చెందిన ఒక తండ్రి నన్ను చూడవచ్చారు. ఆయన కౌలురైతు. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా, వరండా స్తంభం పక్కన నిలబడే అడిగారు: “ఫాదర్ గారూ, జ్ఞానస్నానాల రిజిస్టరులో మా అబ్బాయి పేరు కొట్టేయడానికి వీలవుతుందా?”

విషయం మెల్లగా చెప్పారు. కుమారుడు డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటున్నాడు. కుల ధ్రువీకరణ పత్రం కావాలి. క్రైస్తవుడని తెలిస్తే షెడ్యూల్డు కులాల పత్రం దక్కదు. పొలం గట్టు తగాదాలో ఎదురుపడిన ఒక మనిషి, “మీవాడి పేరు గుడి పుస్తకంలో ఉంది, చూసుకుందాం” అని బెదిరించాడట. అప్పటినుండి ఆ ఇంట్లో నిద్ర లేదు.

ఆ రిజిస్టరు నా సొత్తు కాదనీ, అందులోని పేరును చెరిపే అధికారం నాకు లేదనీ చెప్పాను. ఆయన తల ఊపారు. కాసేపాగి, “పోనీ ఒక్క మాట చెప్పండి ఫాదర్ గారూ. మా తాతల నాటినుంచి గుడికి వస్తున్నాం. ఆ పుస్తకంలో పేరుండటం వల్ల మాకేమొచ్చింది?” అన్నారు.

“ఆత్మరక్షణ వచ్చింది కదయ్యా!” అన్నాను. ఆయన చేతులు జోడించి, “సరేనండి” అని వెళ్ళిపోయారు.

నేనన్న మాటలో తప్పు లేదు. కానీ ఆ మాటను ఒక తలుపును మూసినట్లు అన్నాను. ఆయన ప్రశ్న లోపలికి రాకుండా బయటే నిలబడిపోయింది.

ఆ తరువాత సాయంకాల ప్రార్థనకు కూర్చున్నాను. గురువులమూ మఠవాసులమూ ప్రతి సోమవారం సాయంత్రం చెప్పుకొనే కీర్తన ఒకటుంది. అది ఎఫెసీయులకు వ్రాయబడిన లేఖ మొదటి అధ్యాయం నుండి తీసుకున్నది. క్రీస్తునందు తండ్రి దేవుడు మనకు ప్రతి ఆధ్యాత్మిక ఆశీర్వాదాన్నీ దయచేశాడని దాని సారాంశం. ఎన్నో ఏళ్ళుగా చదువుతున్నదే. ఆ రోజు మాత్రం అది వరండాలో నిలబడిన ఆ తండ్రి ప్రశ్నకు జవాబుగా వినిపించింది. ఆ జవాబును నేను అప్పుడే ఆయనకు చెప్పవలసింది. ఈ వారం మీతో పంచుకుంటున్నాను.

పరిశుద్ధ గ్రంథం తెరచి ఎఫెసీ 1:3-14 చూడండి. మన అనువాదాలలో ఇవి చిన్న చిన్న వాక్యాలుగా ఉంటాయి. గ్రీకు మూలంలో ఈ పన్నెండు వచనాలూ కలిసి ఒకే ఒక వాక్యం. మంచి వార్త మోసుకొని పరుగెత్తి వచ్చినవాడు ఊపిరి తీసుకోకుండా చెప్పినట్లుంటుంది. పైగా అది సుఖంగా కూర్చున్నవాని మాట కాదు. అదే లేఖలో పునీత పౌలుగారు తాను బందీనని చెప్పుకొంటారు, సంకెళ్ళను ప్రస్తావిస్తారు (3:1, 6:20). చేతులకు సంకెళ్ళున్నవాడు “నాకేమొచ్చింది?” అనడం లేదు, “దేవుడు స్తుతింపబడునుగాక” అంటున్నాడు. ఆయనకు ఏమొచ్చిందో చూద్దాం.

మొదటిది, ఎన్నిక. లోకానికి పునాది వేయకముందే దేవుడు మనలను క్రీస్తునందు ఎన్నుకొన్నాడని పౌలుగారు అంటున్నారు. ఈ మాట బరువు మనకు సులభంగా తెలియదు. మనిషి పుట్టకముందే అతని కులం, అతని ఇల్లు ఊరికి ఏ దిక్కున ఉండాలన్నదీ నిర్ణయించే సమాజం మనది. ఆ నిర్ణయం కంటే ముందు మరొక నిర్ణయం జరిగిందని పౌలుగారు చెబుతున్నారు. ఊరు లేనప్పుడు, ఊరికి దిక్కులు కూడా లేనప్పుడు, దేవుడు ఈ బిడ్డ నాకు కావాలనుకొన్నాడు. మన రిజిస్టరులోని పేరు ఆ మొదటి వ్రాతకు నకలు మాత్రమే. అసలు ప్రతి వేరే చోట ఉంది.

రెండవది, దత్తత. పౌలుగారి కాలపు రోమను సమాజంలో దత్తుడైన వ్యక్తి కొత్త తండ్రి పేరు ధరించేవాడు, ఆయన ఇంటివాడయ్యేవాడు, ఆయన ఆస్తికి వారసుడయ్యేవాడు. మన తెలుగునాట కూడా దత్తత సంగతి కొత్తది కాదు. దత్తత పోయిన బిడ్డ ఆ ఇంట్లో అతిథి కాదు, పనివాడు కాదు, హక్కుదారుడు. మనలో చాలామందిమి దేవుని ఇంట పనివారిలా మసలుకొంటాం. ఇంత ప్రార్థిస్తే ఇంత కూలి అన్నట్లు లెక్క వేస్తాం. కూలి ఆలస్యమైతే అలుగుతాం. కుమారుడు తండ్రి భోజనపు బల్ల దగ్గర కూలి అడగడు. ఆ బల్ల అతనిదే.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో గాబ్రియేల్ మార్సెల్ అనే ఫ్రెంచి తత్త్వవేత్త గురించి నేర్చుకొన్నాం. మనిషికి కలిగి ఉన్నది వేరు, మనిషి అయి ఉన్నది వేరు అన్న తేడాపై ఆయన లోతుగా ఆలోచించాడు. 1935లో వచ్చిన ఆయన గ్రంథం పేరే ఆ తేడాను సూచిస్తుంది. కలిగి ఉన్నది పోవచ్చు, దొంగలు ఎత్తుకుపోవచ్చు, ప్రభుత్వం రద్దు చేయవచ్చు. “మాకేమొచ్చింది?” అన్న ప్రశ్న కలిగి ఉన్నదానిని గురించినది. పౌలుగారి జవాబు మనం ఎవరమయ్యామన్నదానిని గురించినది.

మూడవది, విమోచనం. క్రీస్తునాథుని రక్తం వలన మనకు విడుదల, పాపక్షమాపణ కలిగాయి. విమోచనం అన్న మాట ఆనాటి ఎఫెసు వాసులకు పుస్తకాలలోది కాదు. వెల చెల్లించి బానిసను విడిపించడం వారికి తెలిసిన సంగతే. పైగా ఎఫెసు మంత్రతంత్రాలకు పేరుపొందిన పట్టణం. సువార్తను విశ్వసించినవారు తమ మాంత్రిక గ్రంథాలను తెచ్చి అందరి ఎదుట కాల్చివేశారనీ, వాటి వెల 50,000 వెండి నాణెములనీ అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చెబుతోంది. అంత సొమ్ము బూడిదైనా వారు వెనుకాడలేదు. ఎందుకంటే భయం పోయింది. మరి మనం? ఉదయం దివ్యసత్ప్రసాదం స్వీకరించి, సాయంత్రం బిడ్డ మొలకు తాయెత్తు కట్టించే ఇళ్ళు మన విచారణలలో లేవా? పాపం నుండి మాత్రమే కాదు, భయం నుండి కూడా క్రీస్తు మనలను కొన్నాడు.

నాలుగవది, ముద్ర మరియు బయానా. పవిత్రాత్మ మనపై వేయబడిన ముద్ర అని, మన వారసత్వానికి ముందస్తు హామీ అని పౌలుగారు వ్రాశారు. ఆ హామీకి ఆయన వాడిన గ్రీకు పదం అర్రబోన్. వ్యాపారంలో ముందుగా ఇచ్చే సొమ్ముకు ఆ పేరు. పొలం కొనేటప్పుడు మనమిచ్చే బయానా అన్నమాట. నేటి గ్రీకు భాషలో అదే పదం నుండి వచ్చిన మాట వివాహ నిశ్చితార్థానికి పేరు. బయానా మొత్తం సొమ్ము కాదు. కానీ అది నిజమైన సొమ్మే. ప్రార్థనలో దొరికే శాంతి, పాపసంకీర్తనం తరువాత మనసు తేలికపడటం, శత్రువును క్షమించగలిగిన ఒక్క రోజు, ఇవన్నీ బయానా. రిజిస్ట్రేషను ఇంకా ముందుంది.

ముద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జ్ఞానస్నానం ఆత్మపై చెరిగిపోని ముద్ర వేస్తుందని శ్రీసభ బోధన. అందుకే అది ఒక్కసారే ఇవ్వబడుతుంది. పాపం దాని ఫలాలను అడ్డగించవచ్చు గాని ఆ ముద్రను తీసివేయలేదు. కనుక ఆ తండ్రి అడిగినది నేను చేయగలిగి ఉన్నా, సిరా మాత్రమే చెరిగేది.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఇక్కడ ఆగితే ఈ వ్యాసం కూడా తలుపు మూయడమే అవుతుంది. “మీకు ఆధ్యాత్మిక ఆశీస్సులున్నాయి కదా, లోక సంబంధమైనవి ఎందుకు?” అని ఆకలిగొన్నవానికి చెప్పడం సువార్త కాదు. పునీత యాకోబుగారి లేఖ రెండవ అధ్యాయం అటువంటి మాటను గట్టిగానే ఖండించింది.

1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ చేశారు. క్రైస్తవులకు చేయలేదు. తెలుగు రాష్ట్రాలలో దళిత క్రైస్తవులు బి.సి.–సి వర్గంలో ఒక్క శాతం రిజర్వేషనుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మతాన్ని బట్టి ఈ భేదం ఉండరాదని జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సమర్పించిన నివేదికలో సిఫార్సు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వం మరొక కమిషన్ నియమించింది. జ్ఞానస్నానపు నీళ్ళతో కులపు గాయం సమాజంలో మాయమైపోదు. అది మాయమైందన్నట్లు చట్టం మాట్లాడటమే అన్యాయం. కనుక ఆ తండ్రిని అబద్ధికుడని పిలవడానికి నాకు నోరు రాలేదు. అబద్ధం మంచిదని కూడా చెప్పలేను. అబద్ధమా, ఆకలా అన్న కూడలిలో మనిషిని నిలబెట్టే ఏర్పాటును న్యాయబద్ధంగా ప్రశ్నించడం విశ్వాసుల బాధ్యత అని మాత్రం చెప్పగలను.

ప్రభుత్వాన్ని ప్రశ్నించే ముందు మన ముంగిట కూడా చూసుకోవాలి. ఎఫెసీ లేఖ రెండవ అధ్యాయంలో, యూదులకూ అన్యులకూ మధ్యనున్న అడ్డుగోడను క్రీస్తు తన దేహంలో పడగొట్టాడని ఉంది. యెరూషలేము దేవాలయంలో నిజంగానే అటువంటి అడ్డుకట్ట ఉండేది. దానిని దాటిన అన్యజాతివాని మరణానికి అతడే బాధ్యుడని హెచ్చరించే శిలాఫలకం 1871లో దొరికింది. ఆ రాయి ఇప్పుడు ప్రదర్శనశాలలో ఉంది. మన గోడలు ఇంకా ప్రదర్శనశాలకు చేరలేదు. పండుగ కమిటీలో ఎవరి మాట చెల్లుతుంది, తేరు ఏ వీధికి వెళుతుంది, పెండ్లి సంబంధం దగ్గర మొదట ఏమి అడుగుతాం అన్న ప్రశ్నలకు మనమే జవాబు చెప్పుకోవాలి. కథోలిక శ్రీసభలోని ఈ వివక్షను అంగీకరిస్తూ, దళితుల సాధికారతపై భారత పీఠాధిపతులు 2016లో ఒక విధాన పత్రం వెలువరించారు. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు కార్డినలుగా నియమితులైనప్పుడు, తెలుగువారిలోనూ దళితులలోనూ మొదటి కార్డినలని మనమంతా సంతోషించాం. ఆ సంతోషం మన వీధి మొదట్లో ఆగిపోకూడదు. “మాకేమొచ్చింది?” అన్న ప్రశ్నకు జవాబులో సగం దేవుడు ఇచ్చేశాడు. మిగిలిన సగం తోటి విశ్వాసులమైన మనం ఇవ్వవలసి ఉంది.

కొద్ది రోజుల తరువాత నేనే ఆ ఇంటికి వెళ్ళాను. నులక మంచం వేశారు. మొదట క్షమించమని అడిగాను. తరువాత ఎఫెసీ లేఖలోని ఆ భాగం చదివాను. ఎన్నిక, దత్తత, విమోచనం అని చెబుతుంటే మౌనంగా విన్నారు. బయానా దగ్గరకు వచ్చేసరికి కౌలురైతు కళ్ళు చురుకయ్యాయి.

“కొనేవాడు వెనక్కి పోతే ఇచ్చిన బయానా పోతుందండీ. మరి దేవుడు?”

“ఆయన తన ఆత్మనే బయానాగా ఇచ్చాడయ్యా. పోగొట్టుకొనేవాడు అంత ఇవ్వడు” అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇంటావిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను లేచేటప్పుడు ఆయన, “ఫాదర్ గారూ, మావాడి జ్ఞానస్నానం ఏ తారీఖునో ఒకసారి చూసి చెప్పండి. మాకు గుర్తు లేదు” అన్నారు.

ఆ మరుసటి రోజే చూసి చెప్పాను. పత్రం విషయంలో ఆ యువకుడు ఏ నిర్ణయం తీసుకున్నాడో ఇక్కడ వ్రాయడం నాకు ధర్మం కాదు. పేరు మాత్రం రిజిస్టరులో ఉంది. దేవుడు వ్రాసిన చోట కూడా ఉంది.

జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు తమ పాలనాకాలంలో విశ్వాసులను పదేపదే ఒక చిన్న పని చేయమని కోరేవారు. మీ జ్ఞానస్నానపు తేదీ తెలుసుకొని, దానిని గుర్తు పెట్టుకోండి అని. పుట్టినరోజున కేకు కోసే మనలో ఎంతమందికి ఆ రెండవ పుట్టినరోజు తెలుసు? ఈ ఆదివారం పూజ అయిన తరువాత మీ విచారణ గురువును కలిసి అడగండి. ఆయనకు కొంచెం శ్రమ కలిగినా ఫరవాలేదు. ఆ తేదీని పరిశుద్ధ గ్రంథంలో ఎఫెసీ మొదటి అధ్యాయం ఉన్న పుట పక్కన వ్రాసుకోండి. ఏటా ఆ రోజున జ్ఞానతల్లిదండ్రులను పిలిచి ఒక పూట కలిసి భోజనం చేయండి. ఊరిలో మీతో కలిసి భోజనం చేయనివారెవరైనా ఉంటే, లేక మీరు ఎవరితోనైనా కలిసి తినకపోతే, ఆ రోజు వారినే ముందుగా పిలవండి.

లోకానికి పునాది వేయకముందే మనలను ప్రేమించిన తండ్రి, తన కుమారుని రక్తంతో మనలను విడిపించి, తన ఆత్మతో ముద్రించినవాడు, తన ఇంటి బిడ్డలుగా తల ఎత్తుకొని బ్రతికే ధైర్యాన్ని మనకు దయచేయునుగాక. ఆమెన్.