చాపమీది చోటు

కార్తికమాసమున వనభోజనములకు పోవుట మనకు పూర్వమునుండి వచ్చిన వేడుక. ఆ భోజనములు నేడు పెక్కుచోట్ల కులములవారీగ జరుగుచున్నవి. అట్టి విందుకు పిలుపు రాగా నేను రానంటిని. సకుటుంబముగ మాచర్లవైపు పోయి వచ్చుటకు ఒక బాడుగకారు మాటాడితిని. చెడ్డ యాచారమును మానినంతమాత్రమున మనము మంచివారమగుదుమా? ఆ ప్రశ్న నాకు ఆనాడే ఎదురైనది.

నరసరావుపేటనుండి బయలుదేఱి, మొదట మాచర్లలో చంద్రవంక యొడ్డుననున్న చెన్నకేశవాలయమును దర్శించితిమి. అచ్చట కూర్చుండి పిల్లలకు 12వ శతాబ్దపు పలనాటి కథ చెప్పితిని: గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు, నాయకురాలు నాగమ్మ, కారెంపూడిలో నాగులేటి యొడ్డున జరిగిన దాయాదుల పోరు. బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందఱను ఒకే చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టించెననియు, దానినే చాపకూడందురనియు, మాలకులమున పుట్టిన కన్నమదాసును పుత్రునివలె చూచి సేనానిని చేసెననియు చెప్పునపుడు నా కంఠమున గర్వము ధ్వనించినదని యొప్పుకొనెదను.

అక్కడినుండి ఎత్తిపోతలకు పోతిమి. ఆ చంద్రవంకయే యచ్చట సుమారు 70 అడుగుల ఎత్తునుండి దుమికి, ఆపై కృష్ణలో కలియును. ఎదుటి గట్టుమీదినుండి ఆ లోయను చాలసేపు చూచితిమి. పిదప చెట్టునీడను చాప పఱచి, ఇంటినుండి తెచ్చిన పులిహోర, దద్దోజనము విప్పితిమి. కారు నడిపిన యువకునకు నా భార్య ఆకులో వడ్డించి మర్యాదగనే అందించినది. అతడు దూరముగ పోయి యొక రాతిపై కూర్చుండెను. నాకందులో వింత యేమియు తోపలేదు.

“నాన్నగారూ, చాపమీద చోటుంది కదా! ఆయన అక్కడెందుకు కూర్చున్నారు?” అని మా పదేండ్ల అమ్మాయి యడిగినది.

“ఆయనకు అదే బాగుంటుందేమోనమ్మా.”

“మీరు అడిగారా?”

అడుగలేదు. అతని కులము నేనెఱుగను, ఎఱుగగోరలేదు కూడ. అదియే నా నిర్దోషిత్వమునకు చాలునని యింతకాలము తలచితిని. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసినది. అది నిషేధించిన తప్పు నేను చేయలేదు. అయినను కూలి యిచ్చువాడు, పుచ్చుకొనువాడు అను మఱియొక గీత నా చాప యంచున నుండెను. దానిని గీచినవాడను నేనే.

లేచిపోయి పిలిచితిని. అతడు సంకోచించుచునే వచ్చి కూర్చుండెను. మాటలలో కారెంపూడి ప్రసంగము రాగా, “చిన్నప్పుడు అక్కడి వీరుల ఉత్సవాల్లో చాపకూడు తిన్నానండీ” అనెను. నేను గ్రంథమున చదివి పాఠము చెప్పినదానిని అతడు భుజించియుండెను!

ఒకపూట భోజనముతో లోకము మాఱునని నేననను. పిలిచితినిగదా యని పొంగిపోవుటయు నొక యహంకారమే. కాని పూర్వుల యౌదార్యమును చూడబోయినవారు, తిరిగివచ్చునపుడు దానిలో కొంతయైన తమ యింటికి తెచ్చుకొనవలెను. లేనియెడల అది వినోదమే కాని దర్శనము కాదు. మన యింట పాత్రలు తోమునామె ఎచ్చట కూర్చుండి భుజించుచున్నదో చదువరులు ఈ సాయంకాలమే చూచుకొందురుగాక. నేనును చూచుకొనవలసియున్నది.