తుపాను వెలిసిన పిమ్మటి గృహధర్మము



తుపాను వీచునపుడు భగవంతుని స్మరించుట కష్టము గాదు. భయమే మనచేత నా పని చేయించును. గాలి యణగి, నీరు తీసి, ఇంట బురద మాత్రము మిగిలిన దినములలో ధర్మమును నిలుపుకొనుటయే కష్టము. ఆ దినములను గూర్చియే నేడు విచారింతము.

2021వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన కుంభవృష్టిచే సిరిసిల్ల వీథులు నీట మునిగినవి. ఆ మాసము 26వ తేదీన గులాబు అను తుపాను కళింగపట్నము చెంత తీరము దాటి, బలము తగ్గి, తెలంగాణము మీదుగా పడమటికి సాగెను. ఉత్తర తెలంగాణము మరల వానలో నానినది. దాని శేషమే అరేబియా సముద్రముపై తిరిగి బలము పుంజుకొని, షాహీన్ అను క్రొత్త పేర అక్టోబరు 3వ తేదీన ఒమాన్ దేశపు తీరమును తాకినది. పేరులు రెండు, గాలి యొక్కటియే.

ఇది దైవాగ్రహమని కొందరందురు. సిరిసిల్లలోని నేతగాడును, ఒమానులోని బెస్తవాడును గూడి చేసిన పాపమేది? వెచ్చని సముద్రమునుండి లేచిన యావిరి మేఘమగునపుడు విడుచు వేడిమియే తుపానునకు బలము. నేలపై నా బలము తగ్గును. వెచ్చని నీరు దొరకినచో మరల హెచ్చును. ఈ నియమమును గల్పించినవాడు పరమేశ్వరుడే. కాని యది యెవరిపైనను పగ గాదు. కావున గ్రహశాంతులకై అప్పు చేయుట భక్తి గానేరదు. ఆ ధనముతో తడిసిన యిల్లు బాగుచేసికొనుట మేలు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి వేలకొలది పురుషులు దశాబ్దములుగా గల్ఫు దేశములకు జీవనార్థమై పోవుచున్నారు. అట్టి యొక కుటుంబమును దలచుకొనుడు. ఇచట ఇల్లాలు బురద నెత్తిపోయుచున్నది; కల్లమున తడిసిన మక్కలు మొలకెత్తకుండ తిరుగబోయుచున్నది; బీడీలకై తెచ్చిన తునికాకు బూజుపట్టునేమో యని దిగులుపడుచున్నది. వారము గడవకమునుపే అదే గాలి మస్కటునందున్న భర్త తలపైకి వచ్చినది. రాత్రి టెలిఫోనులో నామె, "ఇక్కడ అంతా మంచిగనే ఉన్నది" అనును. ఆతడును ఆ మాటయే యనును. ఇరువురును ప్రేమచేతనే యసత్యమాడిరి.

"దూరముననున్నవారిని దుఃఖపెట్టనేల?" యని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని దాచిన కష్టము తరుగునా? భార్య యెవ్వరికిని దెలియకుండ వడ్డీకి దెచ్చును. భర్త ఇల్లు క్షేమమని నమ్మి వేరొక కార్యమునకు మాట యిచ్చును. మూడు మాసములు గడచునప్పటికి తుపాను చేసిన నష్టముకంటె మౌనము చేసిన నష్టమే పెద్దదగును. అంతకుమించి, కష్టమును బంచుకొనవలసినవారు ఒంటరులగుదురు.

ఆ యొంటరితనము స్వల్పమైనది గాదు. సిరిసిల్లలో సాంచాలనబడు మరమగ్గములపై బ్రతుకు కుటుంబములలో అప్పుల బాధచే ప్రాణములు దీసికొన్నవారున్నారని లోక మెరుగును. దానికి దారిద్ర్యము, పని లేమి మొదలగు కారణములు గలవు. వానిని సంఘమును ప్రభుత్వమును తీర్చవలయును. అయినను, నూలు తడిసి, మోటారు చెడి, అప్పు పెరిగినపుడు ఆసామి ఆ లెక్క నింటిలో జెప్పుకొనగలిగెనేని, చీకటిలో నొక దీపము వెలిగినట్లే. అప్పు సిగ్గు గాదు. ఆపదలోనున్నవాడు నోరు విప్పలేని యిల్లే సిగ్గుపడవలసిన యిల్లు.

కావున తుపాను వెలిసిన పిమ్మట ప్రతి గృహమునందును ఒక సాయంకాలము అందరును గూర్చుండుడు. పోయినదేమో, మిగిలినదేమో, ఈయవలసినదేమో దాచక చెప్పుకొనుడు. దూరముననున్నవానికి పోయినదానితోబాటు మిగిలినదానిని గూడ జెప్పుడు. అపుడు సత్యము గాయపరుపదు. కర్త యెవరని యడుగక బురద నందరు నెత్తుడు. ఆ దినములలో నెక్కువ శ్రమించునది స్త్రీ, కడపట భుజించునదియు స్త్రీయే. ఆమె విస్తరి యందరి విస్తళ్లతోబాటు వేయుడు. పొరుగువాని కులమడుగక యెండిన చోటు చూపుడు. ఇదియే యుపాసన. ఇది లేక చేయు స్తోత్రములు నోటి శబ్దములు మాత్రమే.

ఓ సత్యస్వరూపా! సముద్రమున కావల నున్నవారిని, ఈవల నున్నవారిని ఒక్క గాలియే తాకునట్లు, ఒక్క నీ కరుణయే తాకుచున్నది. మా ఇండ్లలో మాటలాడు ధైర్యమును, వినెడి యోర్పును బ్రసాదింపుము.