అరగంట ఆగరా అల్లుడూ

అల్లుడూ,

మొన్న శనివారం నువ్వు గుమ్మం ముందు కారు ఆపి లోపలికి వెళ్ళాక మీ అమ్మ తడిగుడ్డ తెచ్చి ముందు అద్దం తుడిచింది. తుడుస్తూ, "తమ్ముడూ, వీడు దాచేపల్లి నుంచి ఏం కనపడి తోలుకొచ్చాడంటావ్?" అని అడిగింది. ముప్పై ఏళ్ళు లారీ తోలినవాణ్ణి, ఆ గాలిదుమారంలో ఏం కనపడుతుందో నాకు తెలుసు. ఏమీ కనపడదు. ఆ మాట అక్కతో అనలేకపోయాను. అందుకే నీకు రాస్తున్నా.

హైదరాబాదులో పొద్దున్నే బయల్దేరితే ఈ బాధ ఉండదు. నువ్వేమో ఆఫీసు పని చూసుకుని మధ్యాహ్నం బయల్దేరతావు. నార్కట్‌పల్లి దగ్గర తిరిగి, మిర్యాలగూడ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి పొందుగల చేరేసరికి సాయంత్రం నాలుగు, అయిదు. వేసవిలో మన పల్నాట దుమ్ము లేచే వేళ సరిగ్గా అదే.

అది ఎట్టా లేస్తుందో తెలుసుకుంటే ఎప్పుడు ఆగాలో నీకే తెలుస్తుంది. రెంటచింతల ఎండల సంగతి నీకు చెప్పనక్కర్లేదు. ఆ ఎండకు మాడిన నేల మీది వేడిగాలి పైకి పోయి మధ్యాహ్నం తిరిగేసరికి మబ్బు కడుతుంది. మబ్బులోంచి జారే వాన సగం దారిలోనే ఆవిరై చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి ఒక్కుమ్మడిగా కిందకు పడుతుంది. నేలను తాకాక ఇంక కిందకు పోలేదు గనక నాలుగు పక్కలకూ పరుగెత్తుతుంది. ఆ పాటికి మిరప చేలూ పత్తి చేలూ ఖాళీ అయి, వేసవి దుక్కులు దున్ని ఉంటాయి. ఆ పొడి మట్టినంతా గాలి ఎత్తుకుంటుంది. అందుకే మనకు చినుకు కంటే ముందు దుమ్ము వస్తుంది.

చెప్పకుండా మాత్రం రాదు. అప్పటిదాకా ఆకు కదలని ఉక్క ఉంటుంది. పడమటి మబ్బు కింద, నేలకు ఆనుకుని, మట్టిరంగు గోడ ఒకటి కనపడుతుంది. ఉన్నట్టుండి చల్లగాలి తగులుతుంది. ఏసీ వేసుకుని అద్దాలు ఎత్తుకున్న నీకు ఆ ఉక్కా తెలియదు, ఆ చల్లదనమూ తెలియదు. మేము అద్దాలు దించుకుని తోలేవాళ్ళం కాబట్టి ఒళ్ళే ముందు చెప్పేది. నీకు ఉన్నది కళ్ళొక్కటే. పొందుగల దాటాక ఆకాశం అడుగు భాగాన్ని చూస్తూ తోలు.

దీనికి తోడు మనది రాతి సీమ. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, దాచేపల్లి, నడికుడి పక్క నాపరాయి, సిమెంటు ఫ్యాక్టరీలకు తిరిగే టిప్పర్లు. పట్టా కప్పని టిప్పరు వెనక పడితే గాలివాన లేకుండానే దుమారంలో ఉన్నట్టుంటుంది. దాచేపల్లిలో మలుపు తిరిగి గురజాల వైపు వస్తుంటే సాయంత్రం పొద్దు నీ మొహాన కొడుతుంది. ఆ వెలుగు తెల్లటి దుమ్ము మీద పడితే కళ్ళముందు సున్నం కొట్టిన గోడే. టిప్పరును దాటేసి పోదామనిపిస్తుంది. దాటకు. ఎదురుగా వచ్చే బండి నీకు కనపడదు, దాని డ్రైవరుకు నువ్వూ కనపడవు. వెనక్కి తగ్గు, ఎడం పెంచు. ఆ తర్వాత నాలుగు చినుకులు పడ్డాయా, రోడ్డు మీది సున్నపు పొడి జిగట బురదై గ్రీజు పూసినట్టు జారుతుంది. పెద్ద వాన కడిగేదాకా ఆ రోడ్డును నమ్మకు.

నీకు లెక్కలంటే ఇష్టం కదా, ఇది చూడు. 80లో పోతుంటే సెకనుకు 22 మీటర్లు పోతావు. ఎదురుగా ఏదో ఉందని కంటికి తెలిసి కాలు బ్రేకు తొక్కేసరికి సెకనున్నర. అంటే బ్రేకు పడకముందే 33 మీటర్లు అయిపోయాయి. బ్రేకు పడ్డాక, మంచి రోడ్డు మీద, ఇంకో 35 మీటర్లు. మొత్తం దాదాపు 70. రోడ్డు పక్క కరెంటు స్తంభాలు చూడు, రెంటి మధ్య ఎడం సుమారు 50 మీటర్లు ఉంటుంది. రెండో స్తంభం కనపడకపోతే నీ 80 ఎక్కువ. ఒక్క స్తంభమే అంతంత మాత్రంగా కనపడుతుంటే 40 కూడా ఎక్కువే, ఎందుకంటే ఎదురొచ్చేవాడు కూడా గుడ్డిగానే వస్తున్నాడు.

ఇప్పుడు అసలు మాట. దుమ్ము గోడ దూరంగా కనపడగానే ఆగే చోటు వెతుక్కో. పెట్రోలు బంకు, ఊళ్ళో ఖాళీ స్థలం, హోటలు ముందరి జాగా, ఏదైనా సరే, బండి రోడ్డు మీద నుంచి పూర్తిగా బయటికి పోవాలి. చింతచెట్టు కిందా, ఫ్లెక్సీ బోర్డు పక్కనా, కరెంటు తీగల కిందా వద్దు. ఆపాక హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు మీద కాలు తీసి, లైట్లన్నీ ఆర్పు. ఆర్పమంటే వింతగా అనిపిస్తుంది. దుమ్ములో వచ్చేవాడు ముందు కనపడే ఎర్ర దీపాన్ని పట్టుకుని తోలుతాడు. అది కదిలే బండి అనుకుని దాని వెంటే వచ్చి గుద్దేస్తాడు. బండి రోడ్డు దిగడానికి వీలే లేక మార్జిన్ మీద సగం నిలిచిపోతే అప్పుడు మాత్రం ఆర్పకు. నాలుగు ఇండికేటర్లు వేసి, ఎవరూ బండిలో కూర్చోకుండా, రోడ్డుకు దూరంగా చేలోకి నడవండి.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. కారెంపూడి అవతల ఒక సాయంత్రం, మిరప టిక్కీల లోడుతో పోతూ దుమారంలో చిక్కాను. అడుగు ముందుకు వేయలేక రోడ్డు మీదే ఆపి, బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నా. నిలబడ్డానుగా, తప్పేముంది అనుకున్నా. వెనక ఒక జీపు నా ఎర్ర లైట్లు చూసి, లారీ పోతోందనుకుని, అదే దారిన వచ్చి తగిలింది. జీపు డ్రైవరు కాలు విరిగింది. వయసు నీకంటే తక్కువ. ఆసుపత్రిలో వాళ్ళ అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పటికీ దుమ్ము లేస్తే నాకు ఆవిడ మొహమే గుర్తొస్తుంది.

ఆగివున్న బండి ఎంత ప్రమాదమో మన ఊరి పక్కనే చూశాం. 2022 మే నెలాఖరున శ్రీశైలం వెళ్ళి తిరిగి వస్తున్న వాళ్ళ టాటా ఏస్, రెంటచింతల దగ్గర ఆగివున్న లారీని రాత్రిపూట గుద్దుకుంటే ఆరుగురు పోయారు. అది దుమ్ము కాదు, చీకటి. కానీ దుమ్ము పట్టపగలే ఆ చీకటిని తెస్తుంది.

అమెరికాలో అంతంత రోడ్లే ఈ దుమ్ముకు తట్టుకోలేదు. 1991 నవంబరులో కాలిఫోర్నియాలో, కరువుకు బీడుపడ్డ పొలాల మట్టి లేచి కోలింగా దగ్గర వందకు పైగా బళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, 17 మంది చనిపోయారు. 2023 మే 1న ఇల్లినాయిస్‌లో, కొత్తగా దున్నిన చేల మట్టి రోడ్డు మీదికి వచ్చి 70కి పైగా బళ్ళు చిక్కుకున్నాయి. దున్నిన చేలు, మే నెల. మన సంగతి లాగే లేదూ? దుమ్ము తుపాన్లకు అలవాటుపడ్డ అరిజోనా వాళ్ళయితే ప్రతి వేసవీ జనానికి నేను పైన చెప్పినదే చెబుతారు: రోడ్డు దిగు, లైట్లు ఆర్పు, బ్రేకు మీద కాలు తియ్యి. ఫీనిక్స్‌లో ఉన్న మీ చిన్నమ్మ కూతురిని అడుగు, అక్కడ వానాకాలంలో ఫోన్లకు హెచ్చరిక వస్తుంది. మనం మాత్రం మబ్బునూ చూసుకుంటూ ఉండాలి.

ఆగడానికి చోటే లేకుండా దుమ్ములో పడిపోతే, లో బీమ్ వెయ్యి. హై బీమ్ వేస్తే వెలుగంతా దుమ్ముకు తగిలి నీ కళ్ళలోకే వస్తుంది. ఎడమ పక్క తెల్ల గీతను చూసుకుంటూ మెల్లగా పో, చోటు దొరకగానే దిగిపో. అద్దం మీద ముందు నీళ్ళు చల్లి తర్వాతే వైపరు వెయ్యి, పొడిగా తిప్పితే అద్దం గీతలు పడి రాత్రి లైట్లకు ఇంకా ఇబ్బంది. కంట్లో సున్నపు దుమ్ము పడితే నలపొద్దు. సున్నం కన్ను కాలుస్తుంది. కారులో రెండు సీసాల నీళ్ళు పెట్టుకో, ధారగా పోస్తూ చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి పో.

ఇంకొక్కటి, ఇది నీ కోసం కాదు. మన రోడ్డు నీ ఒక్కడిది కాదురా. మిరపకాయల కోతలప్పుడు సాయంత్రం ఆడవాళ్ళు ఆటోల్లో కిక్కిరిసి ఇళ్ళకు పోతుంటారు. వెనక లైటు లేని ట్రాక్టర్లు, మందలు తోలుకొచ్చే గొర్రెల కాపర్లు, తలకు తువ్వాలు చుట్టుకుని బైకు మీద పోయే మీ బాబాయి లాంటివాళ్ళు. వాళ్ళకు అద్దాలూ లేవు, ఏసీ లేదు. దుమ్ము లేస్తే వాళ్ళు రోడ్డంచున కళ్ళు మూసుకుని నిలబడతారు. నువ్వు చూసి ఆగలేని వేగంలో వస్తే పోయేది వాళ్ళు. నిన్ను ఆగమనడంలో సగం వాళ్ళ కోసమే.

దుమారం పావుగంటో అరగంటో ఉంటుంది, అంతకు మించి ఉండటం అరుదు. మీ అత్త నీకు గోంగూర పచ్చడి కలిపి పెట్టేది ఎనిమిదింటికయినా పెడుతుంది.

వచ్చే శనివారం దాచేపల్లిలో ఆగి ఫోను చెయ్యి. నేను డాబా ఎక్కి మాచర్ల వైపు చూసి, ఆకాశం ఎట్టా ఉందో చెబుతా. అప్పుడు బయల్దేరు.

మీ మామయ్య